సున్నా నుంచి తాళంచెవి దాకా
(కంప్యూటర్ ఒక ఆట నేర్చుకున్న విధానం)



ఈ రోజుల్లో ఏ పేపరు తెరిచినా కృత్రిమ మేధ అనే మాటే కనిపిస్తోంది. 1997లో కంప్యూటర్ చదరంగంలో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించిందని మనం జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో చదువుకున్నాం. కానీ ఆ తర్వాత చాలా ఏళ్లకు, అంతకంటే ఎంతో ముందుకు పోయిన కంప్యూటర్ ప్రోగ్రామ్ ఒకటి పిల్లలాడుకునే వీడియోగేములో సున్నా తెచ్చుకుంది. పి.జి.లో ఈ పాఠం చదివినప్పుడు మాకు గెలుపుల కన్నా ఆ సున్నాయే ఎక్కువ ఆలోచన కలిగించింది. అది ఎందుకు వచ్చింది, ఎలా పోయింది అన్నదే ఈ వ్యాసం. లెక్కలంటే భయపడేవారు కూడా నిశ్చింతగా చదవవచ్చు.

ఆట ఎలా ఉంటుంది?

ఆట పేరు 'మాంటెజూమాస్ రివెంజ్', అనగా మాంటెజూమా పగ. మాంటెజూమా 16వ శతాబ్దంలో మెక్సికోను ఏలిన అజ్‌టెక్ చక్రవర్తి. రాబర్ట్ జేగర్ రూపొందించిన ఈ ఆటను 1984లో పార్కర్ బ్రదర్స్ సంస్థ విడుదల చేసింది. అటారీ 2600 అనే పెట్టెను టీవీకి తగిలించి దీన్ని ఆడేవారు. పనామా జో అనే సాహసికుడు నిధి కోసం భూగర్భ కట్టడంలోకి దిగుతాడు. మొదటి దశలోనే 24 గదులు ఉంటాయి.

మొదటి గది చూద్దాం. జో పైన మధ్యలో నిలబడి ఉంటాడు. ఎడమవైపు తాళంచెవి కళ్లెదుటే వేలాడుతూ ఉంటుంది. కానీ ఎత్తు నుంచి కిందికి పడితే ప్రాణం పోతుంది. కనుక నిచ్చెన దిగాలి. తాడు పట్టుకొని కుడివైపు గట్టు మీదికి దూకాలి. ఇంకో నిచ్చెన దిగాలి. నేల మీద దొర్లుతున్న పుర్రెను ఎగిరి దాటాలి. ఎడమ నిచ్చెన ఎక్కి తాళంచెవి అందుకోవాలి. అప్పుడు 100 పాయింట్లు. తిరిగి పైకి వచ్చి తలుపు తెరిస్తే 300 పాయింట్లు. తాళంచెవి చేతికొచ్చేదాకా ఎంత కష్టపడినా ఒక్క పాయింటు రాదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

కంప్యూటర్ ఎలా నేర్చుకుంటుంది?

లండన్‌లోని డీప్‌మైండ్ సంస్థ పరిశోధకులు తయారుచేసిన డి.క్యూ.ఎన్. అనే ప్రోగ్రామ్ గురించి 2015లో 'నేచర్' పత్రికలో వ్యాసం వచ్చింది. దానికి ఆట నియమాలేవీ చెప్పరు. టీవీ తెర మీది బొమ్మను, స్కోరును మాత్రమే చూపిస్తారు. మొదట్లో అది ఏ మీట పడితే ఆ మీట నొక్కుతుంది. ఏ పని తర్వాత పాయింట్లు పెరిగాయో చూసుకొని, అలాంటి సందర్భం మళ్లీ వచ్చినప్పుడు ఆ పని వైపే మొగ్గుతుంది. దీనినే రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ అంటారు. చిన్నపిల్ల బుడిబుడి అడుగులు వేస్తే తల్లి చప్పట్లు కొడుతుంది, ఆ పిల్ల ఇంకో అడుగు వేస్తుంది. ఇదీ అలాంటిదే.

ఒక్కో ఆటను దాదాపు 38 రోజుల ఆటకు సమానమైనంత కాలం ఆడించారు. మొత్తం 49 ఆటల్లో 29 ఆటల్లో అది మనిషి స్కోరులో 75 శాతం దాటింది. బంతితో ఇటుకలు కొట్టే 'బ్రేకౌట్'లో గోడకు పక్కన సందు చేసి, బంతిని పైకి పంపే ఉపాయం కూడా తనంతట తానే కనిపెట్టింది. మాంటెజూమా ఆటలో మాత్రం మనిషికి 4,367 పాయింట్లు వస్తే, దానికి సున్నా.

సున్నా ఎందుకు?

బ్రేకౌట్‌లో మీటలు ఎలా నొక్కినా ఎప్పుడో ఒకసారి బంతి ఇటుకకు తగులుతుంది, వెంటనే పాయింటు వస్తుంది. నేర్చుకోవడానికి మొదలు దొరుకుతుంది. మాంటెజూమాలో అలాంటి మొదలే లేదు. అటారీ మీటతో 18 రకాల కదలికలు చేయవచ్చు. ఉదాహరణకు, వరుసగా 10 కదలికలు ఒకే క్రమంలో సరిగ్గా పడాలనుకుందాం. 18ని పదిసార్లు వేసి గుణిస్తే సుమారు 3 లక్షల 57 వేల కోట్లు వస్తుంది. గుడ్డిగా నొక్కేవాడికి అన్నింటిలో ఒక్క అవకాశం అన్నమాట. నిజానికి దారులు కొన్ని ఉంటాయి గానీ, తాళంచెవికి కావలసిన కదలికలు పదికి ఎన్నో రెట్లు ఎక్కువ.

తాడు దాకా బాగా వెళ్లిన రోజూ సున్నాయే, మొదటి అడుగులోనే పడి చచ్చిన రోజూ సున్నాయే. ఇక ఏది మంచి పనో ఆ యంత్రానికి ఎలా తెలుస్తుంది?

కుతూహలానికి పాయింట్లు

పరిశోధకులు ఇలా ఆలోచించారు. ఆట పాయింట్లు ఇవ్వకపోతే, కొత్త చోటు చూసినందుకు మనమే లోపల పాయింట్లు ఇద్దాం. 2016లో డీప్‌మైండ్ వారు అంతగా చూడని దృశ్యాలకు అదనపు పాయింట్లు ఇచ్చారు. అంతకుముందు 2 గదులు దాటని ప్రోగ్రామ్ 15 గదులు చూసింది.

2018లో ఓపెన్‌ఏఐ సంస్థ పరిశోధకులు ఇంకో పద్ధతి తెచ్చారు. ప్రోగ్రామ్‌లో రెండు భాగాలు పెట్టారు. మొదటిది ఏ దృశ్యానికైనా ఎప్పటికీ మారని ఒక జవాబు ఇస్తుంది. రెండోది ఆ జవాబును ఊహించాలి. చాలాసార్లు చూసిన దృశ్యమైతే ఊహ సరిపోతుంది. కొత్తదైతే తప్పుతుంది. ఎంత తప్పితే అన్ని పాయింట్లు! ఈ పద్ధతి సగటు మనిషి స్కోరును దాటింది, అప్పుడప్పుడు మొదటి దశను పూర్తి చేసింది.

కుతూహలంలోనూ ప్రమాదం ఉంది. టీవీ ముందు నిలబెట్టి చానళ్లు ఇష్టమొచ్చినట్టు మారుస్తూ పోతే, ప్రతి బొమ్మా కొత్తదే కనుక యంత్రం అక్కడే ఉండిపోతుంది. దీనిని పరిశోధకులు నిజంగానే టీవీ సమస్య అంటారు. మన టీవీ గది గుర్తుకు వస్తే తప్పు మాది కాదు! మారని జవాబులిచ్చే భాగాన్ని పెట్టింది ఈ చిక్కు తప్పించడానికే. అయినా ఆ ప్రోగ్రామ్ కొన్నిసార్లు పుర్రెల దగ్గరే ఆడుకుంటూ ఉండిపోయేదట.

చేరిన చోటికి తిరిగి వెళ్లడం

2018లోనే ఊబర్ సంస్థ పరిశోధకులు 'గో-ఎక్స్‌ప్లోర్' పద్ధతి ప్రకటించారు. 2021లో ఇది నేచర్‌లో వచ్చింది. వారు రెండు లోపాలు గుర్తించారు. ఒకటి, యంత్రం ఒక మంచి చోటికి చేరి, ఇంకో వైపు పోయి, మొదటి చోటును మరచిపోతోంది. రెండు, అక్కడికి తిరిగి పోయేటప్పుడు దారిలో కూడా ప్రయోగాలు చేసి పడిపోతోంది.

పరిష్కారం చాలా సాదాగా ఉంది. చేరిన ప్రతి చోటునూ చిన్న బొమ్మగా కుదించి జాబితాలో రాసిపెట్టుకోవాలి. ముందు అక్కడికి నేరుగా వెళ్లాలి, ఆ తర్వాతే కొత్తది వెతకాలి. ఇలా దొరికిన దారి మొదట బట్టీ పట్టిన పాఠంలాంటిదే, ఒక్క కదలిక ఆలస్యమైతే చెడిపోతుంది. అందుకని అడ్డంకులు కల్పించి మళ్లీ మళ్లీ సాధన చేయించారు. సగటు స్కోరు 43 వేలు దాటింది. గది సంఖ్య, తాళాల వంటి వివరాలు కూడా అందిస్తే సగటు 6 లక్షల 50 వేలు దాటింది.

మనం గ్రహించవలసినది

ఆ యంత్రం మొద్దు కాదు. ఒక ఆటలో మనిషిని మించినదే ఇంకో ఆటలో సున్నా తెచ్చుకుంది. దారి మధ్యలో "ఇంతవరకు సరిగ్గానే వచ్చావు" అని చెప్పేవారు లేకపోవడమే లోపం. మనలో లెక్కల్లో సున్నా వచ్చిన తమ్ముడి సంగతీ చాలాసార్లు ఇంతే. అతడు నాలుగు మెట్లు సరిగ్గా చేసి ఐదో మెట్టులో తప్పి ఉండవచ్చు. మార్కుల కాగితం ఆ సంగతి చెప్పదు.

అయితే ఒక పెద్ద తేడా ఉంది. యంత్రం లక్షలసార్లు చచ్చి మళ్లీ మొదలుపెట్టగలదు. మనకు ఆ వీలు లేదు. పదో తరగతిలో ఒక్క సబ్జెక్టు పోతే చదువు మాన్పించి పనికి పంపవలసి వచ్చే ఇళ్లు మనవి. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసినవాళ్లం మేమే మొదలు. మాకు ముందు ఆ దారి నడిచి చెప్పినవారు ఇంట్లో లేరు. హాస్టల్లో ఒక సీనియర్ అన్న రోజూ సాయంత్రం మా నోటుపుస్తకం చూసి, సరైన మెట్టు పక్కన టిక్కు పెట్టేవాడు. మాకు తాళంచెవికి ముందు దొరికిన పాయింట్లు ఆ టిక్కులే.

కనుక మా మనవి ఒక్కటే. ఇంటర్, డిగ్రీ చదివే తమ్ముళ్లు స్టడీ అవరులో పది నిమిషాలు చిన్నవాళ్ల పుస్తకాలు చూడండి. తప్పు ఎక్కడుందో చెప్పే ముందు, ఎంతవరకు సరిగ్గా ఉందో చూపించండి. చిన్న తమ్ముళ్లు కూడా ఈ రోజు ఎక్కడిదాకా వచ్చారో పుస్తకం చివర రాసిపెట్టుకోండి. రేపు అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.