సందేహాలు – సమాధానాలు: తాత కథ పన్నెండు నిమిషాల్లో ఎలా?

*మా తాత కొత్తవలస–కిరండూల్ లైను వేసేటప్పుడు కూలీగా చేరి, గ్యాంగ్‌మన్‌గా రిటైరయ్యారు. సొరంగం పనిలో ఆయన స్నేహితుడొకరు చనిపోయారు. ఈ కథతో షార్ట్ ఫిల్మ్ తీద్దామని స్క్రీన్‌ప్లే రాస్తే 34 పేజీలైంది. మా దగ్గరున్న డబ్బుకి పన్నెండు నిమిషాలు మించి తియ్యలేం. ఎక్కడ కొయ్యాలో తెలియడం లేదు.*
— డిగ్రీ విద్యార్థి, కొత్తవలస

ఆ 34 పేజీలు పక్కన పెట్టండి, పారేయొద్దు. రేపు తాత వేషం వేసేవాళ్లకి అవి బాగా పనికొస్తాయి. స్క్రీన్‌ప్లే మాత్రం తాత జీవితంలో ఒక్క పూట మీద కొత్తగా రాయండి.

ఈ పని ఎలా చెయ్యాలో మీ జిల్లాకి చెందిన గురజాడ 1910లోనే చూపించారు. ఆయన ‘దిద్దుబాటు’ కథ మళ్లీ చదవండి, ఈసారి పెన్ను పట్టుకుని. ఒక్క రాత్రి, ఒక్క ఇల్లు, ముగ్గురు మనుషులు. సానివాళ్ల పాటలకి అలవాటుపడ్డ భర్త పొద్దుపోయి ఇంటికొచ్చి తలుపు తట్టడంతో కథ మొదలు. ఆ అలవాటు ఎప్పుడు పట్టుకుంది, భార్య ఎన్ని రాత్రులు ఏడ్చింది, ఇవేవీ ముందుగా చెప్పరు. పిలిస్తే భార్య పలకదు, గదిలో లేదు, ఉత్తరం దొరుకుతుంది. జరిగిందంతా ఆ ఉత్తరంలోంచీ, నౌకరు రాముడి మీద భర్త చూపించే కోపంలోంచీ మనకి తెలిసిపోతుంది. చివర్లో మంచం కిందనుంచి నవ్వూ గాజుల చప్పుడూ వినిపిస్తాయి. ఆమె కనపడక్కర్లేదు, చప్పుడు చాలు. సినిమా మన ఊళ్లకి రాకముందే ఇంత సినిమా తెలిసిన మనిషాయన!

ఇక మీ తాత కథ. నేనైతే ఇలాంటి ఒక్క పూటని పట్టుకుంటాను. ముసలాయన పొద్దుటి కిరండూల్ రైలెక్కి ఆ సొరంగం ఒక్కసారి చూసి రావాలనుకున్నాడు. ఒంట్లో బాగోలేదని కొడుకు వద్దంటున్నాడు. తెల్లారకముందు చెప్పులు చేత్తో పట్టుకుని అరుగు దిగడం మొదటి సీను. రైలు కదలడం చివరి సీను. ఆయనకో కోరికుంది, దానికో అడ్డుంది, రైలు టైమనే గడువూ ఉంది. ఇక స్నేహితుడి సంగతి ఇలా రావచ్చు:

సీన్ 4. కొత్తవలస స్టేషన్, టికెట్ కౌంటర్. తెల్లవారుజాము.
తాత రొంటినున్న నోట్లు తీస్తాడు. చెమటకి తడిసి అంటుకుపోయాయి. ఒక్కొక్కటీ విడదీస్తాడు. వెనక లైన్లో వాళ్లు తొందరపడతారు.
తాత: బొర్రాకి రెండు.
క్లర్క్ తలెత్తి ఆయన పక్కకీ వెనక్కీ చూస్తాడు. తోడెవరూ లేరు.
దూరంగా రైలు కూత.

ఇందులో ‘స్నేహితుణ్ణి తలుచుకుని కుమిలిపోయాడు’ అన్న మాట లేదు. కుమిలిపోవడం కెమెరాకి దొరకదు. తడి నోట్లు దొరుకుతాయి, రెండో టికెట్ దొరుకుతుంది. ఆ రెండోది ఎవరికని క్లర్క్ అడగొద్దు, తాత చెప్పొద్దు. చూసేవాళ్లని నమ్మండి.

మీరు రాసిన ఫ్లాష్‌బ్యాక్‌లన్నీ తీసెయ్యండి. బైలదిల్లా ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి ఎగుమతి చెయ్యడం కోసం 1960లలో వేసిన లైనది. 58 సొరంగాలు. ఆ పనులు మళ్లీ తెరమీద చూపించడం మీ డబ్బుతో అయ్యేది కాదు. కానీ ఖనిజం గూడ్సులు ఇప్పటికీ మీ ఊరి మీంచే పోతున్నాయి. తాతా కొడుకూ వాదించుకుంటున్నప్పుడు గూడ్సు వచ్చి, అది దాటేదాకా ఇద్దరూ ఆగాల్సి వచ్చిందనుకోండి. ఆ కాసేపట్లో వాళ్ల మొహాలు చూపించండి.

స్టేషన్లో తియ్యాలంటే రైల్వే అనుమతి ఉండాలి. అది దొరక్కపోతే సీన్ని బయట టీ కొట్టుకి మార్చండి. రెండు టికెట్లు రెండు టీలవుతాయి, కథ చెడదు. పట్టాల మీదికి మాత్రం ఎవరూ దిగొద్దు. అది నేరం, ప్రాణానికే ముప్పు.

*మా పిల్లలు రాసిన స్క్రిప్టులో మన యాస ఉంటే, పోటీల్లో ‘కామెడీగా ఉంది, మార్చండి’ అంటున్నారు. మార్చాలా?*
— ఉపాధ్యాయిని, శృంగవరపుకోట

మార్చొద్దమ్మా. యాసని నవ్వులాటకి మాత్రమే వాడుకున్న సినిమాలు అలవాటైన చెవుల మాట అది. వెంకటేశ్ మహా 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ తీసినప్పుడు, అక్కడి మనుషులతోనే, వాళ్ల మాటల్లోనే తీశారు. కరుణకుమార్ ‘పలాస 1978’ మన యాసలోనే కోపాన్నీ అవమానాన్నీ చెప్పింది. ఎవరూ నవ్వలేదు.

పిల్లలకి ఒకటి చెప్పండి. ‘వెళ్తున్నావు’ని ‘ఎల్తన్నావు’ అని రాసినంత మాత్రాన యాస రాదు. ‘ఇంత ఉదయాన్నే ఎక్కడికి వెళ్తున్నారు మామయ్యా?’ అని రాసుకుని అక్షరాలు మార్చితే అది అతుకులానే ఉంటుంది. మీ వీధిలో కోడలు అడిగేది ‘ఏటి మావా, తెల్లారకుండా ఈ తిరుగుళ్లు?’ అని కదా. వాక్యం అలా పుట్టాలి. ఇంట్లో నాయనమ్మ చేత చదివించండి. ఆవిడ నోరు తిరక్క ఆగిన చోటల్లా మాట తప్పు.

*స్క్రీన్‌ప్లేకి సాఫ్ట్‌వేర్ కొనాలా? ఒక పేజీ అంటే ఒక నిమిషమేనా?*
— టైలర్, లక్కవరపుకోట

కొననక్కర్లేదు, రూళ్ల నోటుపుస్తకం చాలు. సీను నంబరు, చోటు, వేళ పైన రాసి, కింద కనపడేదీ వినపడేదీ రాయండి. పేజీకి నిమిషమన్న లెక్క ఇంగ్లిష్ టైపు కొలతలకి పుట్టింది, చేతిరాత తెలుగుకి సరిపోదు. పాత్రల నడకతో, మౌనాలతో సహా పైకి చదువుతూ ఫోన్లో టైము చూసుకోండి.

*చాసో గారి కథొకటి సినిమాగా తియ్యాలనుంది. లాభానికి కాదు. అనుమతి కావాలా?*
— పాఠకుడు, విజయనగరం

కావాలి. లాభం లేకపోయినా కావాలి. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు హక్కులుంటాయి. చాసో 1994లో పోయారు కాబట్టి 2054 చివరిదాకా. అదే లెక్కన కారా మాస్టారి (కాళీపట్నం రామారావు) కథలైతే 2081 దాకా. వారసుల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి, స్క్రీన్‌ప్లే మొదలుపెట్టక ముందే. గురజాడ 1915లో పోయారు, ‘దిద్దుబాటు’కి ఎవర్నీ అడగక్కర్లేదు. అలాంటి పాత కథల కోసం శ్రీకాకుళంలో కారా మాస్టారు పెట్టిన కథానిలయానికి వెళ్లండి.