మర ఎక్కకపోతే బలం పెట్టకండి
సందేహాలు - సమాధానాలు

పెనుకొండ, హిందూపురం, ధర్మవరం వైపు నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగానిది ఒకటే గోడు: పాత వస్తువులో మర పోయింది, అంగట్లో దొరికే కొత్తది ఎక్కదు. ఒక ఉత్తరంలో ప్రాణాపాయం కూడా ఉంది కాబట్టి ముందు దానికే జవాబు.

తాతగారి నాటి లైసెన్సు తుపాకీ ఒకటి మా ఇంట్లో ఉంది. మూతి నుంచి మందు కూరే ఒంటిగొట్టం రకం. శనక్కాయ చేనుకు అడవిపందుల కాపలా కోసం తీసుకున్నారు. క్యాపు పెట్టే నిపుల్ మర అరిగి వదులైంది. దాన్ని తీసి 6 మి.మీ. బోల్టు పెట్టి చూస్తే రెండు చుట్లు తిరిగి బిగుసుకుంది. లేత్ షాపులో కొత్త ట్యాప్ కొట్టిస్తే సరిపోతుందా?
- ఒక రైతు, పెనుకొండ

కొట్టించకండి. ఆ బోల్టును కూడా మళ్లీ తిప్పకండి. 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ తయారీకే కాదు, మరమ్మతుకూ లైసెన్సు ఉండాలి. మామూలు లేత్ షాపు అతను చేయి పెడితే మీతో పాటు అతనూ ఇరుక్కుంటాడు. పంట కాపలాకు ఇలాంటి తుపాకీని ఆ చట్టమే 13వ సెక్షన్‌లో పేర్కొంది, కాబట్టి దాచుకోవలసిన సంగతి కాదు. అయితే లైసెన్సు ఇంకా తాతగారి పేరునే ఉండిపోయిందేమో చూడండి. అలా ఉంటే ముందు కలెక్టరేట్‌లో అది సరిచేయించాలి.

ఇంకో మాట. ఇలాంటి తుపాకుల్లో ఎప్పుడో కూరిన మందు గొట్టంలోనే ఉండిపోవచ్చు, పైకి కనపడదు. ఖాళీ అని రూఢి అయ్యేదాకా ఎవరూ దానికి వేడి తగిలించకూడదు, నిపుల్‌ను సుత్తితో కొట్టకూడదు.

ఇక మర సంగతి. 6 మి.మీ. దగ్గర నాలుగు రకాలు గుంపుగా ఉంటాయి. మెట్రిక్ ఎం6 పిచ్ 1 మి.మీ., మర కోణం 60 డిగ్రీలు. పాత బ్రిటిష్ అసోసియేషన్ కొలతలో సున్నా నంబరుదీ వ్యాసం 6, పిచ్ 1. అచ్చం ఎం6లాగే కనిపిస్తుంది గానీ కోణం 47.5 డిగ్రీలు. పావు అంగుళం బీఎస్ఎఫ్‌కు అంగుళానికి 26 మరలు, కోణం 55. పావు అంగుళం యూఎన్ఎఫ్‌కు 28 మరలు, కోణం 60. ఈ చివరి రెండింటి వ్యాసం 6.35 మి.మీ. విదేశాల్లో ఇప్పుడు తయారయ్యే నకలు తుపాకుల నిపుల్‌లో ఎక్కువగా కనిపించేవి ఎం6, పావు అంగుళం 28. మీ దాంట్లో ఇవి ఉంటాయని మాత్రం అనుకోలేం.

తేడా పట్టేది ఇలా. పాత నిపుల్ మీద ఐదు పిచ్‌ల పొడవు వెర్నియర్‌తో కొలవాలి. ఎం6 అయితే 5 మి.మీ., బీఎస్ఎఫ్ అయితే 4.88, యూఎన్ఎఫ్ అయితే 4.54 వస్తుంది. ఎం6కూ బీఎస్ఎఫ్‌కూ అంత తక్కువ తేడా ఉంది కాబట్టే పిచ్ గేజ్‌ను ఒట్టి కంటితో చూస్తే మోసపోతాం. గేజ్ ఆకును మరలో కూర్చోబెట్టి, వెనక దీపం పెట్టి, సందులోంచి వెలుగు వస్తోందేమో చూడాలి. కోణం తప్పితే వెలుగు కనిపిస్తుంది.

ఇవేవీ కుదరకపోవచ్చు కూడా. కొలతలు ఏకం కాకముందు తుపాకీ పనివాళ్లు తమ సొంత పలకలతో మరలు కోసేవారు. ఏ పట్టికలోనూ లేని పిచ్ ఉన్నంత మాత్రాన అది తప్పు కాదు. లైసెన్సు ఉన్న పనివాడు గొట్టంలోని రంధ్రాన్ని కొలిచి, దానికి సరిపడే నిపుల్‌ను లేత్ మీద కోస్తాడు. రంధ్రమే అరిగి ఉంటే దాన్ని శుభ్రం చేసి కాస్త లావు నిపుల్ చేస్తాడు. రెండు మరలు మాత్రమే పట్టిన నిపుల్ పేలుడుకు ఊడి పేల్చేవాడి ముఖం మీదికే రావచ్చు. రిపేరు పూర్తయ్యేదాకా ఆ తుపాకీ మూలన ఉండాల్సిందే.

అర అంగుళం నట్టు, అర అంగుళం బోల్టు. రెండూ అంగుళాలవే. అయినా మూడు చుట్లకు పట్టేస్తోంది. అలాగే మా పాత లేత్‌లో మెట్రిక్ మర కోయవచ్చా?
- లేత్ షాపు యజమాని, హిందూపురం

మీ చేతిలో ఒకటి విట్‌వర్త్, ఇంకొకటి అమెరికన్ యూఎన్‌సీ. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో 55 డిగ్రీల మరను ప్రతిపాదించారు. ఫిలడెల్ఫియాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీలది తెచ్చారు. పావు అంగుళం నుంచి అంగుళం దాకా వాడుకలో ఉన్న సైజుల్లో రెంటికీ మరల లెక్క ఒకటే. అర అంగుళం దగ్గరే విట్‌వర్త్‌కు 12, యూఎన్‌సీకి 13. అందుకే మీకు అక్కడ పట్టేసింది. మిగతా సైజుల్లో ఎక్కుతుంది గానీ పక్కలు సరిగా ఆనవు. బరువు మోసే చోట ఆ జోడీ వాడకండి.

మెట్రిక్ కోయవచ్చు. 5 అంగుళాలు కచ్చితంగా 127 మి.మీ. కాబట్టి 127 పళ్ల గేరు ఉంటే చాలు. మీ లీడ్ స్క్రూ అంగుళానికి 4 మరలదైతే 1.5 పిచ్‌కు నడిపే గేరు 30, నడిచే గేరు 127. 1 మి.మీ. పిచ్‌కు 20, 127. ఒక కోతకూ ఇంకో కోతకూ మధ్య హాఫ్ నట్ విప్పకండి. టూల్ వెనక్కి లాగి, మిషన్ రివర్స్‌లో తిప్పి మొదటికి తీసుకురండి. విప్పారో, తర్వాతి కోత పాత గాడిలో పడదు. 127 దొరక్క, దాని సగానికి దగ్గరని 63 పళ్లది వేసి, నడిపే గేరునూ సగం చేసేవాళ్లున్నారు. నూటికి 0.8 తేడా వస్తుంది. పొట్టి బోల్టుకు నడుస్తుంది, పొడుగు స్క్రూకు పనికిరాదు.

పట్టుచీరల జాకెట్లు కుడతాను. పాత సింగర్ మిషన్ పలక స్క్రూ పోయింది. హార్డ్‌వేర్ షాపులో ఏదీ కుదరలేదు. 4 మి.మీ. ట్యాప్ కొట్టిస్తామంటున్నారు.
- ఒక టైలరమ్మ, ధర్మవరం

వద్దమ్మా. సింగర్ కంపెనీ తన సొంత కొలతలు వాడింది. ఇలాంటి స్క్రూల్లో 9/64 అంగుళం, అంగుళానికి 40 మరలది తరచుగా కనిపిస్తుంది. మి.మీ.లో చెప్పాలంటే 3.57 వ్యాసం, 0.635 పిచ్. బయట దొరికే ఎం3.5 పిచ్ 0.6 కాబట్టి ఒకటి రెండు చుట్లు వచ్చి ఆగిపోతుంది. మిగిలిన రెండో స్క్రూను తీసుకుని కుట్టుమిషన్ విడిభాగాల అంగడికి వెళ్లండి, చేత్తో తిప్పి చూసి కొనండి. పది రూపాయల స్క్రూ కోసం ఇన్నేళ్లు అన్నం పెట్టిన మిషన్ రంధ్రాన్ని పాడుచేయకండి. ఒకసారి పెద్దదైతే అసలు స్క్రూ ఇక ఎప్పటికీ పట్టదు.

అర అంగుళం పైపు కొన్నాను. మర మీద కొలిస్తే 21 మి.మీ. ఉంది. మోసపోయానా?
- ఒక పాఠకుడు, హిందూపురం

లేదు. పైపు పేరు లోపలి బోరును బట్టి వచ్చింది. అర అంగుళం బీఎస్‌పీ మర బయటి వ్యాసం 20.955 మి.మీ., అంగుళానికి 14 మరలు.

ఉత్తరం రాసేవారికి ఒక మనవి. వస్తువు పేరు, మర బయటి వ్యాసం, వీలైతే పది పిచ్‌ల పొడవు, ఎడమ మరో కుడి మరో రాయండి. ఆ నాలుగూ ఉంటే జవాబు కచ్చితంగా చెప్పగలం.