విద్యుత్తు తిరిగి వచ్చిన వేళ – లినక్స్ పరికరాలలో సేవా నిర్వహణ

కువైట్ ఎండ ఎంతటిదో అక్కడి తెలుగువారికి ఎవరూ చెప్పనక్కరలేదు. 2016 జూలై 21న మిత్రిబాలో నమోదైన 53.9 డిగ్రీల ఉష్ణోగ్రతను ప్రపంచ వాతావరణ సంస్థ తరువాత అధికారికంగా ధ్రువీకరించింది. 2024 జూన్‌లో విద్యుత్ వినియోగం మితిమీరడంతో, గరిష్ఠ వినియోగ వేళల్లో కొన్ని ప్రాంతాలకు రోజుకు ఒకటి రెండు గంటలపాటు సరఫరా నిలిపివేయవలసి వస్తుందని ప్రభుత్వం ప్రకటించింది. కోతలెరుగని దేశంలో అది పెద్ద వార్తే అయింది. అటువంటి సమయంలో అందరి దృష్టీ ఏసీ మీదనే ఉంటుంది. గోడమూల మిణుకుమిణుకుమనే రౌటర్‌ను పట్టించుకునేవారు అరుదు.

విద్యుత్తు వచ్చాక ఏసీ మళ్ళీ తిరుగుతుంది. రౌటర్ సంగతి అంత సులువు కాదు. దీపాలన్నీ వెలిగినా ఇంటర్నెట్ రాకపోవచ్చు. అబ్బాసియాలోని ఒక ఫ్లాటు నుంచి రాజంపేటకు చేయవలసిన వీడియో కాల్ ఆగిపోతుంది; బకాలాలో కార్డు యంత్రం పనిచేయక కొనుగోలుదారు వెనుదిరుగుతాడు. ప్లగ్గు తీసి మళ్ళీ పెడితే అంతా సర్దుకుంటుంది. పరికరం పాడైపోలేదని దీనివల్లనే తెలుస్తుంది. లోపల ఒక చిన్న ప్రోగ్రాము 'ఇక ప్రయత్నించను' అని నిర్ణయించుకోవడం కూడా ఇందుకు ఒక కారణం కావచ్చు. ఆ ప్రోగ్రాము పేరు ఇనిట్.

ఇంటి రౌటర్లలో అధికభాగం లినక్స్ ఆధారంగా పనిచేసేవే. లినక్స్ కెర్నెల్ మేల్కొన్న వెంటనే తాను స్వయంగా ప్రారంభించే మొదటి ప్రోగ్రాము ఇనిట్. అందుకే దాని ప్రక్రియ సంఖ్య ఎప్పుడూ 1. ఉమ్మడి కుటుంబంలో తెల్లవారుజామున అందరికంటె ముందు లేచి మిగిలినవారిని లేపే ఇంటి పెద్ద వంటిది అది. నెట్‌వర్క్ సేవ, వైఫై సేవ, పేర్లను చిరునామాలుగా మార్చే సేవ – అన్నింటినీ ప్రారంభించే బాధ్యత దానిదే. తల్లి ప్రక్రియ ముందుగా ముగిసిపోతే అనాథలైన పిల్ల ప్రక్రియలను సాధారణంగా అదే దత్తత తీసుకుంటుంది, అవి ముగిసినప్పుడు అంత్యక్రియలూ జరుపుతుంది. అది కూలితే కెర్నెలే ఆగిపోతుంది.

ఈ ఇనిట్ పాత్రను పోషించే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు అనేకం ఉన్నాయి. వాటిని పరిమాణంతో పోల్చడం పరిపాటి. ఇంతకంటె ఉపయోగకరమైన ప్రశ్న వేరొకటి ఉంది: ఒక సేవ ప్రారంభమైన మరుక్షణమే కూలిపోతే, మళ్ళీ లేపితే మళ్ళీ కూలితే, ఇంటి పెద్ద ఏమి చేస్తాడు? విద్యుత్తు వచ్చిన మొదటి నిమిషాలలో సరిగ్గా ఇదే జరుగుతుంది. రౌటర్ లేచేసరికి బయటి లైను ఇంకా సిద్ధంగా ఉండదు. లైనుపై ఆధారపడిన సేవ ప్రారంభమై, లైను దొరకక ఆగిపోతుంది.

పాతకాలపు సిస్టమ్ ఫైవ్ పద్ధతిని, యూనిక్స్ సంప్రదాయాన్ని అనుసరించి, లినక్స్ కోసం మికెల్ వాన్ స్మూరెన్‌బర్గ్ రూపొందించారు. సంఖ్యల వరుసలో పేర్చిన స్క్రిప్టులను ఒకదాని తరువాత ఒకటి నడపడం దాని విధానం. స్క్రిప్టు ద్వారా లేచిన సేవ తరువాత కూలిపోయినా ఆ సంగతి దానికి తెలియదు. ఇనిట్‌ట్యాబ్ అనే పట్టికలో 'రీస్పాన్' అని రాసిన వాటిని మాత్రమే తిరిగి లేపుతుంది. అదీ రెండు నిమిషాలలో పదిసార్లకు మించి కూలితే, ఐదు నిమిషాలు విరామమిచ్చి మళ్ళీ మొదలుపెడుతుంది. పెద్దవయసు ఓర్పు అనవచ్చు.

బిజీబాక్స్ చరిత్ర వేరు. డెబియన్ లినక్స్ స్థాపనకు అవసరమైన సాధనాలన్నీ ఒకే ఫ్లాపీలో ఇమడాలన్న ఉద్దేశంతో 1990ల మధ్యలో బ్రూస్ పెరెన్స్ దీనిని రాశారు. వందలాది ఆజ్ఞలు ఒకే ప్రోగ్రాములో ఇమిడి, మొత్తం సుమారు ఒక మెగాబైటుకు సరిపోతాయి. చౌక పరికరాలలో ఇది వ్యాపించడానికి అదే కారణం. దాని ఇనిట్ అత్యంత నిరాడంబరమైనది: 'రీస్పాన్' అని రాసినదాన్ని ఎన్నిసార్లు కూలినా లేపుతూనే ఉంటుంది. డేనియల్ బెర్న్‌స్టీన్ డీమన్‌టూల్స్ సంప్రదాయంలో పుట్టిన రనిట్ కూడా ఇంతే. కూలిన సేవను, రెండు ప్రయత్నాల మధ్య కనీసం ఒక సెకను వ్యవధినిస్తూ, విసుగు లేకుండా లేపుతుంది.

2010లో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ ప్రారంభించిన సిస్టమ్‌డీ ఈ రంగంలో పెనుమార్పు తెచ్చింది. సేవల మధ్య ఆధారాలను తెలుసుకొని, వీలైనవన్నీ ఏకకాలంలో లేపుతుంది. ప్రతి సేవనూ, దాని సంతానాన్నీ కెర్నెల్ అందించే ఒక సమూహంగా కట్టి ఉంచుతుంది కనుక ఏదీ తప్పించుకుపోదు. 2014 ఫిబ్రవరిలో డెబియన్ సాంకేతిక సంఘంలో దీనిపై ఓట్లు సరిసమానం కాగా, అధ్యక్షుని నిర్ణాయక ఓటుతో అది నెగ్గింది. ఇంతటి వివాదం ఒక ఇనిట్ ప్రోగ్రాముకు దక్కడం విశేషమే.

ఇక మన ప్రశ్నకు దాని సమాధానం చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. సేవను తిరిగి లేపమని విడిగా చెప్పకపోతే అది లేపనే లేపదు. చెప్పినా, సెకనులో పదోవంతు ఆగి మళ్ళీ ప్రయత్నిస్తుంది. పది సెకన్లలో ఐదు ప్రారంభాలు పూర్తయితే, విఫలమైనదని ముద్రవేసి వదిలేస్తుంది. అంటే బయటి లైను సిద్ధమయ్యేందుకు ఒక నిమిషం పట్టే చోట, ఒక్క సెకను గడవకముందే ఆశ వదులుకోవచ్చు. పర్యవేక్షకుడు అందుబాటులో ఉండే డేటా సెంటర్‌లో ఇది సబబే. మనిషి చేయి పడని పరికరంలో ఇది ముప్పు. విరుగుడు కష్టం కాదు: ప్రయత్నాల మధ్య వ్యవధిని ఐదు సెకన్లకు పెంచితే ఆ పరిమితి తాకదు. 2023లో వచ్చిన 254వ వెర్షన్ నుంచి ఈ వ్యవధిని అంచెలంచెలుగా పెంచే సౌకర్యం కూడా ఉంది. అయితే ఆ పంక్తి రాయాలని పరికరం తయారు చేసినవారికి తోచాలి.

రౌటర్ల కోసమే పెరిగిన వ్యవస్థ ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ. లింక్‌సిస్ సంస్థ డబ్ల్యుఆర్‌టీ54జీ రౌటర్ మూలగ్రంథాన్ని 2003లో విడుదల చేయడం దాని పుట్టుకకు దారితీసింది. ఆ రౌటర్ తొలి నమూనాలలో శాశ్వత జ్ఞాపకశక్తి 4 మెగాబైట్లు, తాత్కాలిక జ్ఞాపకశక్తి 16 మెగాబైట్లు మాత్రమే. ఇందులోని ఇనిట్ పేరు ప్రోక్‌డీ. సేవను తిరిగి లేపమని చెప్పి, అంకెలు వేరుగా ఇవ్వకపోతే, అది కూడా ఐదేసి సెకన్ల ఎడంతో ఐదుసార్లు ప్రయత్నించి మానుకుంటుంది. కాని దాని బలం మరొక చోట ఉంది. లైను వచ్చిందన్న కబురు అందగానే సంబంధిత సేవను కదిలించే ఏర్పాటు అందులో ఉంది. గుడ్డిగా తలుపు తట్టడం కంటె, తలుపు తెరిచిన చప్పుడు విని వెళ్ళడం మేలు కదా.

సేవ కూలక, చలనం లేకుండా బిగుసుకుపోతే? అందుకు పరికరంలో వాచ్‌డాగ్ అనే గడియారం ఉంటుంది. నిర్ణీత వ్యవధిలో దానికి 'బాగున్నాను' అన్న సంకేతం అందకపోతే పరికరాన్ని మళ్ళీ మొదటి నుంచి నడిపిస్తుంది. బిజీబాక్స్‌లో ఆ సంకేతమిచ్చే పని ఒక విడి ప్రోగ్రాముది. అసలు సేవ మూలుగుతున్నా ఇది మాత్రం 'క్షేమం' అని చెబుతూనే ఉంటుంది. ప్రోక్‌డీ ఆ సంకేతాన్ని స్వయంగా ఇస్తుంది. సిస్టమ్‌డీలో సేవ సిస్టమ్‌డీకి, సిస్టమ్‌డీ వాచ్‌డాగ్‌కు జవాబు చెప్పే గొలుసును ఏర్పరచవచ్చు. ఈ ఒక్క విషయంలో సిస్టమ్‌డీదే పైచేయి.

చాలా రౌటర్లలో బ్యాటరీతో నడిచే గడియారం ఉండదు. కోత తరువాత లేచిన పరికరానికి తేదీ తెలియదు. ఏదో పాత సంవత్సరంలో ఉన్నాననుకుంటుంది. అప్పుడు సురక్షిత సంబంధాలకు కావలసిన ధ్రువపత్రాలు 'ఇంకా అమలులోకి రానివి'గా కనిపించి తిరస్కృతమవుతాయి. సరైన సమయం ఇంటర్నెట్ నుంచి రావాలి. ఆ సంబంధం సురక్షిత మార్గంలోనే సాగాలంటే సరైన సమయం కావాలి. ఈ చిక్కుముడిని ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ చక్కగా విప్పింది. అమరికల డైరెక్టరీలో అన్నిటికంటె ఇటీవల మారిన ఫైలు తేదీని చూసి, కాలం కనీసం అంతవరకైనా గడిచి ఉండాలని గడియారాన్ని అక్కడికి జరుపుతుంది. సిస్టమ్‌డీలోని సమయ సేవ ఇందుకోసమే ఒక ఫైలును ఉంచుకొని, దాని తేదీని అప్పుడప్పుడూ తాజాపరుస్తుంది.

పరికరాన్ని ఎంచుకునేవారు ఈ గుణాలను పెట్టె మీది అక్షరాలలో చదవలేరు. కాని పరీక్షించడం తేలిక. బయటి లైను తీగను తీసివేసి, రౌటర్‌కు విద్యుత్తు ఇచ్చి, పది నిమిషాలు ఆగి, అప్పుడు తీగను పెట్టాలి. ఎవరూ ముట్టుకోకుండానే ఇంటర్నెట్ వస్తే, లోపలి ఇంటి పెద్ద ఇంకా మేల్కొనే ఉన్నాడన్నమాట.