ట్యాంకు మోడల్‌కి రంగు, దుమ్ము, తుప్పు: మరకకో కారణం

మన క్లబ్ పత్రికలో కవితలు, కథలు బాగానే వస్తున్నాయి. ఈసారి చేతిపని మీద ఒక పాఠం రాస్తానంటే సంపాదకులు సరేనన్నారు. ప్లాస్టిక్ ట్యాంకు మోడల్‌కి రంగు వేయడం, తర్వాత దాన్ని నిజంగా వాడిన బండిలా కనిపించేట్టు చేయడం ఈ పాఠం. ఆ రెండో పనిని మోడల్ చేసేవాళ్లు వెదరింగ్ అంటారు. హాస్టల్ గదిలో, కుంచెతోనే, ఎయిర్‌బ్రష్ లేకుండా చేసుకునే పద్ధతి చెబుతాను.

ఏ బండి?

నేను తీసుకున్నది 1:35 స్కేలు బీఎంపీ-2. మన సైన్యంలో దీని పేరు శరత్. దీన్ని తయారుచేసేది మన దగ్గరే, సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో. అక్కడి ఫ్యాక్టరీ 1984లో మొదలైంది, మొదటి శరత్ 1987లో బయటికి వచ్చింది. చూసినవాళ్లంతా ట్యాంకే అంటారు గానీ, నిజానికి ఇది సైనికుల్ని మోసుకెళ్లి యుద్ధం చేసే బండి. నడిపేవాళ్లు ముగ్గురు, వెనక కూర్చునేవాళ్లు ఏడుగురు. బరువు దాదాపు 14 టన్నులు. నీళ్లలో తేలుతుంది, ట్రాకులు తిప్పుకుంటూనే ఈదుతుంది. అసలు బండి పొడవు సుమారు 6.7 మీటర్లు. 35తో భాగిస్తే 19 సెంటీమీటర్లు, అంటే రికార్డు బుక్కు వెడల్పు అంత.

మురికి వేరు, తుప్పు వేరు

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు మోడల్ పాతగా కనపడాలని ఒళ్లంతా నారింజ రంగు తుప్పు పూసేస్తారు. అక్కడే బండి అబద్ధమైపోతుంది. సర్వీసులో ఉన్న బండిని కడుగుతారు, గ్రీజు పెడతారు, రంగు పోతే మళ్లీ వేస్తారు. దాని మీద మట్టి, మసి, నూనె ఉంటాయి. తుప్పు గట్టిగా పట్టాలంటే ఇనుము, నీరు, గాలి మాత్రమే చాలవు, పట్టించుకునే మనిషి కూడా లేకుండా పోవాలి.

మా కాగజ్‌నగర్ వాళ్లకి ఈ తేడా వేరే చెప్పక్కర్లేదు. సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగింది. 2018లో జేకే పేపర్ చేతికి వచ్చాక మళ్లీ మొదలైంది. మిల్లు నడిచేటప్పుడు కర్ర తెచ్చే లారీల మీద మట్టి, డీజిల్ మసి మస్తుగా ఉండేవి. ఆగిన రోజుల్లో రోడ్డు పక్కన నిలబెట్టిన లారీలు వానకి కడిగినట్టు శుభ్రంగా ఉండేవి. కానీ బోల్టుల చుట్టూ, డోర్ల కింది అంచుల్లో తుప్పు మొదలైంది. స్కూలుకి పోతూ వస్తూ రోజూ చూసేవాణ్ని. మురికి కనిపిస్తే పని ఉన్నట్టు, తుప్పు కనిపిస్తే పని లేనట్టు. మోడల్ చేసేటప్పుడు నా లెక్క ఇప్పటికీ అదే. కుంచె పట్టుకునే ముందు ఈ బండి పనిలో ఉందా, ఆగిపోయిందా అని తేల్చుకోవాలి. మన శరత్ పనిలో ఉన్న బండి అనుకుందాం.

1. కింది పూత

ప్లాస్టిక్ భాగాల మీద అచ్చు నుంచి వచ్చిన జిడ్డు ఉంటుంది. గోరువెచ్చటి సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. అతికించడం అయ్యాక బూడిద రంగు ప్రైమర్ పలచగా వేయండి. పాత ఆదిలాబాద్ జిల్లాలో మాకు అటు కొసన ఉండే నిర్మల్‌లో బొమ్మలు చేసేవాళ్లదీ ఇదే దారి. పొనికి కర్రతో బొమ్మ చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతుకులు పూడ్చి, తెల్లమట్టి పూత పూశాకే రంగు ముట్టుకుంటారు. పూత సరిగ్గా లేకపోతే పైన ఎంత మంచి రంగు వేసినా నిలవదు.

2. అసలు రంగు

ముదురు ఆకుపచ్చ యాక్రిలిక్ తీసుకోండి. ఒక మందపాటి పూత కన్నా రెండు మూడు పలచటి పూతలు మేలు. డబ్బాలో రంగు ఎలా ఉందో అలాగే వేస్తే మోడల్ నల్లగా కనిపిస్తుంది. చిన్న వస్తువు మీద రంగు ముదురుగా తోస్తుంది కాబట్టి కొంచెం లేత పసుపు కలపండి. పైకప్పు లాంటి ఎండ తగిలే చోట ఇంకాస్త లేతగా, చక్రాల వెనక ఇంకాస్త ముదురుగా వేయండి.

3. వాష్

ఆరిన రంగు మీద నిగనిగలాడే వార్నిష్ ఒక పూత వేసి ఒక రోజు వదిలేయండి. ముదురు గోధుమ ఆయిల్ కలర్ ఒక వంతు, టర్పెంటైన్ పది వంతులు కలిపి సన్నటి కుంచెతో మూలల్లో, బోల్టుల చుట్టూ తాకించండి. ఆ నీరు తనంతట తనే సందుల్లోకి పాకుతుంది. ఫస్టియర్‌లో చదివిన కేశనాళికత ఇదే. ఎక్కువైన చోట టర్పెంటైన్ తడి కుంచెతో తుడవండి. పై పొరలో వాడే ద్రావణి కింది పొరను కరిగించకూడదు. పూర్తిగా ఆరిన యాక్రిలిక్‌ని టర్పెంటైన్ ఏమీ చేయదు కాబట్టే ఈ పని కుదురుతుంది. కిటికీలు తెరిచి పెట్టండి, దగ్గర్లో మంట ఉండకూడదు.

4. గీతలు, పెచ్చులు

ఇక్కడ లెక్క కావాలి. మోడల్ మీద 1 మిల్లీమీటరు పెచ్చు అంటే అసలు బండి మీద 3.5 సెంటీమీటర్లు. అన్ని పెద్ద పెచ్చులు ఒళ్లంతా ఉంటే ఆ బండి తుక్కు కిందికే పోవాలి. గిన్నెలు తోమే స్పాంజి ముక్క చింపి, ముదురు గోధుమ రంగులో ముంచి, కాగితం మీద దాదాపు అంతా అద్దేశాక మిగిలిన దానితో తాకించండి. చుక్కలు కనీకనపడకుండా రావాలి.

ఎక్కడ? మనుషుల కాళ్లూ చేతులూ తగిలే చోట. డ్రైవరు ముందు ఎడమవైపు కూర్చుంటాడు, కాబట్టి అతని మూత చుట్టూ. సైనికులు వెనక రెండు తలుపుల గుండా దిగుతారు, కాబట్టి ఆ తలుపుల అంచుల్లో, పిడుల దగ్గర. ఎవరూ ఎక్కని చోట గీత పెట్టకండి.

ఇంకో మాట. ముందు భాగంలో అడ్డంగా గాడులున్న ఇంజన్ మూత ఉక్కు కాదు, అల్యూమినియం మిశ్రమం. దానికి ఎర్ర తుప్పు పట్టదు. అక్కడ రంగు పోయిన చోట మసక వెండి రంగు రావాలి. చాలా అందమైన మోడళ్లలో కూడా ఆ మూత మీద తుప్పు చూశాను. మెటీరియల్ సైన్స్ చదివిన మనం జర చూసుకోవాలి.

5. మసి, నూనె

ఇంజన్ ముందు కుడివైపు ఉంటుంది, పొగ కూడా కుడివైపు పైనుంచే వస్తుంది. కాబట్టి మసి రెండు పక్కలా సమానంగా ఉండదు. నల్ల చాక్‌పీసు పొడిని మెత్తటి కుంచెతో పొగగొట్టం నుంచి వెనక్కి, బండి నడిచే దిశకి ఎదురుగా లాగండి. పొగ వేడికి రంగు కాలిపోతుంది కాబట్టి ఆ జాలీ మీద కొంచెం తుప్పు ఉండొచ్చు. ట్రాకులకీ కొంత పర్వాలేదు. ఉత్త ఉక్కు ఒక్క రాత్రి వానకే గోధుమ రంగుకి తిరుగుతుంది. కానీ నేలకి రాసుకునే అంచులు నడిచేకొద్దీ మెరుస్తాయి. ఆ మెరుపుకి పెన్సిల్ ముల్లు రుద్దితే చాలు.

6. దుమ్ము, బురద

దుమ్ముకి ముందు మెరుపు లేని వార్నిష్ ఒక పూత వేయాలి, లేకపోతే పొడి నిలవదు. తర్వాత ఏ నేల అన్నది తేల్చుకోండి. మా వైపు రెండూ ఉన్నాయి, ఎర్రటి చెల్క, నల్ల రేగడి. చెల్క మట్టి పొడిగా ఎగిరి బండి మొత్తం మీద పలచగా పరుచుకుంటుంది. రేగడి తడిసినప్పుడు చక్రాల మధ్య ముద్దలుగా పట్టుకుంటుంది, ఎండితే నల్లగా ఉండదు, బూడిద రంగుకి వచ్చి బీటలిస్తుంది. ఒకే బండి మీద రెండూ పెట్టాలంటే అది ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోయిందో మీరు చెప్పగలగాలి.

నిజమైన మట్టి వాడొచ్చు గానీ జల్లెడ సరిపోదు. అర మిల్లీమీటరు ఇసుక రేణువు ఈ స్కేలులో 1.75 సెంటీమీటర్ల రాయి, అంటే గోళీ కంటే పెద్దది. ఆయుర్వేదం మందుల్లా పలచటి గుడ్డలో వస్త్రగాళం పట్టండి. ఆ పొడిని నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో చక్రాల దగ్గర, బండి కింది భాగంలో అద్దండి. కింద మందంగా, పైకి పోయేకొద్దీ పలచగా రావాలి. వాగు దాటి వచ్చిన బండి అయితే నీటిమట్టం దాకా దుమ్ము కడుక్కుపోయి, ఆ పైన ఒక గీత మిగులుతుంది.

ఎప్పుడు ఆపాలి?

ప్రతి పొర అయ్యాక మోడల్‌ని ఒక రాత్రి పక్కన పెట్టండి. పొద్దున వెలుతురులో ఒక్కో మరకనీ వేలితో చూపిస్తూ ఇది ఎలా వచ్చింది అని అడగండి. జవాబు దొరికితే ఉంచండి, దొరక్కపోతే తుడిచేయండి. ఈ బండిలో పదిమంది కూర్చుంటారు. వాళ్లు ఎక్కిన చోటు, దిగిన చోటు, దాటిన నేల కనిపిస్తే మన పని అయిపోయినట్టే.

అభ్యాసం: రేపు కాలేజీ పార్కింగ్‌లో పాత బండి ఏదైనా ఒకటి ఎంచుకోండి. దాని మీద ఐదు మరకలు గుర్తించి, ఒక్కోదానికి ఎదురుగా కారణం రాయండి. ఏది పని వల్ల వచ్చిందో, ఏది ఆగిపోవడం వల్ల వచ్చిందో విడగొట్టండి. ఆ కాగితం చేతిలో పెట్టుకుని మీ మొదటి మోడల్ మొదలుపెట్టండి.