ఒకరికి ఒకే ఆల్బమ్: చీకటి సంగీతాన్ని పంచుకునేవాళ్లకు కొన్ని అనుభవ పాఠాలు

బ్లాక్ మెటల్, డార్క్ యాంబియంట్ వినేవాళ్లు మనలో కొద్దిమందే. ఆ కొద్దిమందీ ఎవరో ఒకరు చెబితే విన్నవాళ్లే. ఈ సంగీతం రేడియోలో రాదు, పెళ్లి ఊరేగింపులో మోగదు, ఏ టీవీ పోటీలోనూ ఎవరూ పాడరు. ఒక మనిషి ఇంకో మనిషికి అందిస్తేనే ముందుకు నడుస్తుంది. అందుకే అందించేవాడి మీద బాధ్యత ఎక్కువ. క్యాసెట్ల కాలం నుంచి వింటూ, వినిపిస్తూ వచ్చినవాడిగా నాకు తెలిసింది మీ ముందు పెడుతున్నాను.

1. జాబితా ఇవ్వకండి

"మావయ్యా, బ్లాక్ మెటల్ ఎక్కణ్నుంచి మొదలెట్టాలి?" అని మా మేనల్లుడు అడిగితే నేను వాణ్నే తిరిగి అడిగాను: "ఇప్పుడేం వింటున్నావురా?" యాభై పేర్లు రాసి పంపడం చాలా తేలిక. దానివల్ల మన జ్ఞానం తెలుస్తుందేమో గానీ వాడికి దారి తెలియదు. ఆ యాభైలో వాడు మొదటి మూడూ ఒక్కో నిమిషం విని వదిలేస్తాడు.

మెటాలికా, స్లేయర్ వినే కుర్రాడికి ఇమ్మోర్టల్ బృందం 1999లో తెచ్చిన "ఎట్ ది హార్ట్ ఆఫ్ వింటర్" ఇస్తాను. రికార్డింగ్ శుభ్రంగా ఉంటుంది, రిఫ్‌లు చెవికి అందుతాయి, పాటలు పొడుగైనా దారి తప్పవు. మూలాలు తెలుసుకోవాలన్న పట్టుదల ఉన్నవాడికి స్వీడన్‌కు చెందిన బాథరీ, 1987 నాటి "అండర్ ది సైన్ ఆఫ్ ది బ్లాక్ మార్క్". బ్లాక్ మెటల్ అన్న పేరు ఇంగ్లండ్ బృందం వెనమ్ 1982 ఆల్బమ్ నుంచి వచ్చిందే అయినా, ఆ చలిని, ఆ వేగాన్ని, ఆ గొంతును ముందుగా ఒక్కచోట చేర్చినవాడు బాథరీ నడిపిన క్వోర్థన్. సినిమా నేపథ్య సంగీతంలో వయొలిన్ల దండును ఇష్టపడేవాళ్లకు ఎంపరర్ వాళ్ల "ఇన్ ది నైట్‌సైడ్ ఎక్లిప్స్". కేకలు అసలు భరించలేని వాళ్లకు బ్లాక్ మెటల్ జోలికే పోకుండా డార్క్ యాంబియంట్ ముందు ఇస్తాను. మా మేనల్లుడికి ఇచ్చింది ఇమ్మోర్టల్. వారం తర్వాత ఇంకోటి అడిగాడు.

2. గరగర ఎందుకో ముందే చెప్పండి

కొత్తవాళ్లు వెంటనే అనే మాట ఒకటే: "రికార్డింగ్ పాడైపోయిందా?" దీనికి జవాబు వినిపించాక కాదు, వినిపించకముందే చెప్పాలి. జవాబు డార్క్‌త్రోన్ కథలో ఉంది.

ఓస్లో పక్కనున్న కోల్‌బోట్న్ అనే ఊరి కుర్రాళ్లు వాళ్లు. 1991లో వచ్చిన మొదటి ఆల్బమ్ "సోల్‌సైడ్ జర్నీ"ని స్టాక్‌హోమ్‌లోని సన్‌లైట్ స్టూడియోలో చేశారు. అప్పట్లో డెత్ మెటల్‌కు పేరుమోసిన స్టూడియో అది. నైపుణ్యం ఉంది, కంపెనీ ఉంది, అదే దారిలో రెండో ఆల్బమ్ వస్తుందని కంపెనీ ఎదురుచూస్తోంది. వాళ్లు దాన్నంతా పక్కనపెట్టి 1992లో "ఎ బ్లేజ్ ఇన్ ది నార్తర్న్ స్కై" తెచ్చారు. 1994కల్లా "ట్రాన్సిల్వేనియన్ హంగర్" దగ్గరికి వచ్చేసరికి ఫెన్రిజ్ ఒక్కడే నాలుగు ట్రాకుల రికార్డర్ మీద గిటారూ బేసూ డ్రమ్ములూ వాయించాడు. నోక్టర్నో కల్టో గొంతు కలిపాడు. ఖరీదైన స్టూడియో చూసొచ్చిన మనుషులు కావాలని ఎంచుకున్న శబ్దం అది. ఈ సంగతి తెలిసి వింటే ఆ గరగర లోపంలా వినపడదు.

తర్వాత ఎలా వినాలో చెప్పండి. గిటార్ తీగను పిక్‌తో పైకీ కిందికీ ఆపకుండా అతివేగంగా మీటుతారు. విడివిడి దెబ్బలు కలిసిపోయి ఒక్క ధారగా వినిపిస్తాయి. డ్రమ్ములు కూడా అదే వేగంతో, పెద్దగా మార్పు లేకుండా సాగుతాయి. ఆ వేగాన్ని వెంబడిస్తే చెవి అలిసిపోతుంది. మనకు తంబురా శ్రుతి అలవాటే కదా. డ్రమ్మునూ కింది గిటార్‌నూ ఆ శ్రుతిలాగా వెనక వదిలేసి, పైన నెమ్మదిగా కదిలే రాగాన్ని పట్టుకోవాలి. "ట్రాన్సిల్వేనియన్ హంగర్" మొదటి పాటలో ఆ పై రాగం చాలా నిదానం, చాలా విషాదం. చేతులు పరుగెడుతుంటే పాట నిలబడి ఉంటుంది. ఇది ఒకసారి చెవికి పట్టిందంటే మిగతా నార్వే రికార్డులన్నీ తెరుచుకుంటాయి. ఈ ఒక్క సూచన చెప్పకుండా ఆల్బమ్ ఇవ్వడం అన్యాయం.

3. రెండు సంగీతాలూ ఒకే ఇంటివి

బ్లాక్ మెటల్ అభిమానికి డార్క్ యాంబియంట్ చెబితే కొందరు ముఖం చిట్లిస్తారు, డ్రమ్ములు లేని మెటల్ ఏమిటని. వాళ్లకు చరిత్ర చెప్పండి. మేహెమ్ బృందం 1987లో తెచ్చిన "డెత్‌క్రష్" తెరవగానే వినిపించేది గిటార్ కాదు. జర్మన్ ఎలక్ట్రానిక్ సంగీతకారుడు కాన్రాడ్ ష్నిట్జ్‌లర్ చేసిన డప్పుల చప్పుడు. టాంజరీన్ డ్రీమ్ మొదటి ఆల్బమ్‌లో ఉన్న మనిషి ఆయన. మేహెమ్ గిటారిస్టు యూరోనిమస్ ఆయన అభిమాని, అడిగి తెచ్చుకున్నాడు. అంటే నార్వే బ్లాక్ మెటల్ గడపలోనే ఎలక్ట్రానిక్ సంగీతం ఉంది.

ఆ తర్వాత కూడా అంతే. ఫెన్రిజ్ నెప్ట్యూన్ టవర్స్ పేరుతో సింథసైజర్ రికార్డులు చేశాడు. ఎంపరర్ వదిలి వెళ్లిన మోర్టీస్ కీబోర్డుతో కోటల, నేలమాళిగల సంగీతం అల్లాడు. దాన్నే ఇవాళ డంజన్ సింథ్ అంటున్నారు. బుర్జుమ్ బృందం "ఫిలోసోఫెమ్" ఆల్బమ్‌లో ఒక ట్రాక్ 25 నిమిషాల పాటు డ్రమ్ములు లేకుండా సాగుతుంది. కాబట్టి ఒకటి నచ్చినవాడికి రెండోది పరాయిది కాదు. బ్లాక్ మెటల్ ఇచ్చిన నెలకు డార్క్ యాంబియంట్ ఇవ్వండి, ఎదురు తిరిగినా ఇవ్వండి.

4. నెత్తురు సంగతి దాచకండి

ఇది నేను గట్టిగా చెప్పే పాఠం. నార్వే బ్లాక్ మెటల్ చరిత్రలో నేరాలున్నాయి. 1992 జూన్ 6న బెర్గెన్ దగ్గర ఫాంటాఫ్ట్ కొయ్య చర్చి తగలబడింది. పన్నెండో శతాబ్దపు కట్టడం. తర్వాత మరికొన్ని చర్చిలు. ఎంపరర్ డ్రమ్మర్ ఫౌస్ట్ ఆ ఏడాది ఆగస్టులో లిల్లెహామర్‌లో ముక్కూమొహం తెలియని ఒక గే వ్యక్తిని చంపి 14 ఏళ్ల శిక్షకు గురయ్యాడు. 1993 ఆగస్టు 10న యూరోనిమస్‌ను బుర్జుమ్ నడిపే వర్గ్ వికెర్నెస్ పొడిచి చంపాడు. ఆ హత్యకూ కొన్ని చర్చిల దహనానికీ కలిపి 1994లో 21 ఏళ్ల శిక్ష పడింది. మేహెమ్ "డె మిస్టీరీస్ డామ్ సథనాస్" అదే ఏడాది విడుదలైంది. అందులో గిటార్ హతుడిది, బేస్ హంతకుడిది. "ట్రాన్సిల్వేనియన్ హంగర్" అట్ట వెనక ఆర్య జాతి గొప్పను చాటే మాట అచ్చయింది, తర్వాతి ముద్రణల్లో తీసేశారు.

నేను పైన మెచ్చుకున్న రికార్డుల్లో కొన్ని ఇవే. ఎంపరర్ ఆల్బమ్ డ్రమ్ములు ఫౌస్ట్‌వే. అందుకే ఆల్బమ్ చేతిలో పెడుతూనే ఈ సంగతీ చెబుతాను. విన్నాక వాళ్లకు వాళ్లే తెలుసుకుంటే మనం మోసం చేశామని అనిపిస్తుంది. కొందరు తెలిసి వింటారు, కొందరు వద్దంటారు. వద్దన్నవాళ్లతో వాదించకూడదు. నా మటుకు నేను బుర్జుమ్‌ను కొత్తవాళ్లకు ఇవ్వను. పేరు చెప్పి, జరిగింది చెప్పి ఊరుకుంటాను.

జాతి ద్వేషాన్నే పాటగా చేసే బృందాలు ఈ సంగీతంలో వేరే ఉన్నాయి. ఊరూ పేరూ తెలియని బృందాన్ని పదిమందికి చెప్పేముందు వాళ్ల సాహిత్యం, వాళ్ల కంపెనీ ఒకసారి చూడండి. ఇంకో మాట. మేహెమ్ గాయకుడు డెడ్ 1991 ఏప్రిల్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ శవం ఫొటోను ఒక దొంగ రికార్డు అట్ట మీద వేశారు. వింతగా, గొప్పగా ఆ ఫొటో పంపుకునే కుర్రాళ్లను చూశాను. పంపకండి. అతను ఒక తల్లి కన్న బిడ్డ, ఇరవై రెండేళ్లవాడు.

5. డార్క్ యాంబియంట్‌కు గది కావాలి

ఫోన్ స్పీకర్‌లో లస్ట్‌మోర్డ్ వినిపించి "ఏమీ లేదేంటి?" అనిపించుకున్నవాళ్లు చాలామంది. నిజంగానే ఏమీ ఉండదు. ఫోన్ స్పీకర్ 100 హెర్ట్జ్‌కు దిగువన దాదాపు పలకదు. లస్ట్‌మోర్డ్ సంగీతానికి ప్రాణం అక్కడే. వేల్స్‌కు చెందిన బ్రయన్ విలియమ్స్ ఈ పేరుతో చేసిన "హెరెసీ" (1990) కోసం గుహల్లో, గనుల్లో, భూగర్భ సమాధుల్లో శబ్దాలు పట్టుకొచ్చాడు. ఆ చోట్ల ఖాళీతనమే అందులో వాయిద్యం. మంచి హెడ్‌ఫోన్లు కావాలి, రాత్రి కావాలి. మన ఇళ్లలో సీలింగ్ ఫ్యానూ కూలరూ తిరుగుతుంటే కింది శబ్దాలన్నీ ఆ హోరులో కలిసిపోతాయి. ఎండాకాలంలో మొదలెట్టవద్దని చెబుతాను, డిసెంబరు, జనవరి రాత్రులు మేలు.

మొదటి అడుగుకు లస్ట్‌మోర్డ్ కన్నా బయోస్ఫియర్ "సబ్‌స్ట్రేటా" (1997) తేలిక. ఆ పేరుతో గెయిర్ యెన్సెన్ ఒక్కడే చేసిన పని ఇది. ఊరు ట్రోమ్సో. ఆర్కిటిక్ వలయానికి పైన, నవంబరు చివర నుంచి జనవరి మధ్య వరకు సూర్యుడు క్షితిజం దాటి పైకి రాని ఊరు. ఆ రికార్డులో భయం కన్నా చలి ఎక్కువ. తర్వాత థామస్ కోనర్ "పర్మాఫ్రాస్ట్" (1993) ఇవ్వండి. ఆయన తొలి రికార్డులు గాంగుల శబ్దాల నుంచి పుట్టాయి, వింటే మంచు కదిలినట్టే ఉంటుంది తప్ప లోహం గుర్తుకు రాదు. చర్చి గానం ఇష్టమైతే స్వీడన్ నుంచి రెజోన్ డెత్ర్. ఆ రికార్డులను బయటికి తెచ్చిన కోల్డ్ మీట్ ఇండస్ట్రీ కంపెనీ 1987లో మొదలైంది, దాని పాత రికార్డులన్నీ వెతకదగ్గవే.

6. వినేవాడి మనసు ఎలా ఉందో చూడండి

ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాడికి, నిద్ర పట్టక నలిగిపోతున్నవాడికి ఈ సంగీతం మందు అని చెప్పకండి. నాకు ఓదార్పునిచ్చింది నిజమే. అందరికీ ఇస్తుందని చెప్పలేం. చావునే కోరుకునే పాటలు చేసే శాఖ ఒకటి బ్లాక్ మెటల్లో ఉంది. అలాంటి సమయంలో వాటిని ఎవరికీ పంపకండి. ముందు ఫోన్ చేసి మాట్లాడండి, అవసరమైతే డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి.

7. అసలుదా కాదా అన్న పంచాయితీ వద్దు

డెఫ్‌హెవెన్ "సన్‌బేతర్" 2013లో గులాబీ రంగు అట్టతో వచ్చినప్పుడు ఇది బ్లాక్ మెటలే కాదని ఎందరో మండిపడ్డారు. దాని ద్వారా లోపలికి వచ్చి డార్క్‌త్రోన్ దాకా నడిచినవాళ్లు నాకు తెలుసు.

8. భాష రాకపోతే కథ చెప్పండి

అన్నిటికన్నా ఎక్కువసార్లు నేను చేతికిచ్చింది ఉల్వర్ బృందం "బెర్గ్‌టాట్" (1995). పాడిందంతా పాతకాలపు డేనో-నార్వీజియన్‌లో, నార్వే కుర్రాళ్లకే కష్టం. అయినా దీనికి మనవాళ్లలో దొరికినంత ఆదరణ నేనిచ్చిన మరే రికార్డుకూ దొరకలేదు. కారణం కథ. ఐదు అధ్యాయాల జానపద కథగా ఐదు పాటలు అల్లారు. అడవిలో దారి తప్పిన ఆడపిల్ల, పొద్దు వాలడం, తనను ఎవరో చూస్తున్నారన్న భయం, పిలిచే గొంతు, చివరికి కొండ లోపలి గదులు. కొండలో ఉండే శక్తులు మనిషిని లాక్కుపోతాయన్న నమ్మకం నార్వే పల్లెలది. ఈ నాలుగు ముక్కలు చెప్పి వినిపించండి, తర్వాత సంగీతమే చెబుతుంది.

గార్మ్ అనే గాయకుడికి అప్పటికి ఇరవై ఏళ్లు నిండలేదు. కేకలు ఉన్నాయి, కానీ ఎక్కువచోట్ల బృందగానంలా పేర్చిన శుభ్రమైన గొంతు ఉంది. వేణువు ఉంది. ఒకచోట గిటార్లన్నీ ఆగిపోయి, అడవిలో పరుగెత్తే అడుగుల చప్పుడు మీద పియానో మోగుతుంది. వీణ నేర్పే మా వదిన ఆ భాగం మళ్లీ పెట్టమంది. ఆమెకు తర్వాత ఇచ్చింది "క్వెల్డ్‌సాంగర్" (1996). అదే బృందం, విద్యుత్ గిటార్ ఒక్కటీ లేదు, అంతా మామూలు గిటార్లూ చెల్లో గొంతులూ. మా మేనల్లుడికి మాత్రం "నాటెన్స్ మాడ్రిగల్" (1997) ఇచ్చాను, అదీ ఉల్వరే, చెవులు చీల్చేంత కరుకు. ఒకే బృందం, మూడేళ్లు, మూడు వేర్వేరు రికార్డులు. ఎవరికి ఏది ఇవ్వాలో తెలుసుకోవడమే మన పని.

9. కొని ఇవ్వండి

ఈ సంగీతం చేసేవాళ్లలో చాలామంది పగలు వేరే ఉద్యోగం చేసుకునేవాళ్లే. స్నేహితుడి పుట్టినరోజుకు షర్టు బదులు ఒక రికార్డు కొనండి, కుదిరితే బృందం దగ్గరే నేరుగా కొనండి. ఇచ్చాక వారం రోజులు ఏమీ అడగవద్దు. తర్వాత ఎలా ఉందని అడిగి, నచ్చలేదంటే ఎందుకో పూర్తిగా వినండి, ఆ తర్వాతే రెండోదాని సంగతి. మొదట ఏదివ్వాలో తేలకపోతే "బెర్గ్‌టాట్" ఇవ్వండి. ముప్పై అయిదు నిమిషాలే, హెడ్‌ఫోన్లలో, చివరిదాకా వినమని చెప్పండి.