ఎండ దేశంలో ఇంజనుకు ఎంత వేడి కావాలి?

మే నెల మధ్యాహ్నం ఘాట్ రోడ్డు మీద బస్సులో వెళ్ళేటప్పుడు మీరు ఈ దృశ్యం చూసే ఉంటారు. రోడ్డు పక్కన ఒక కారు ఆగి ఉంటుంది. బానెట్ ఎత్తి ఉంటుంది. లోపలినుంచి ఆవిరి బుసలు కొడుతూ పైకి లేస్తుంటుంది. డ్రైవరు నీళ్ళ డబ్బా పట్టుకుని ఇంజను ఎప్పుడు చల్లారుతుందా అని ఎదురు చూస్తుంటాడు. చుట్టూ చేరినవాళ్ళలో ఒకరు, "థర్మోస్టాట్ పీకి పారెయ్యండి. మన ఎండలకు అదెందుకు?" అంటారు. ఇంకొకరు, "పీకెయ్యక్కర్లేదు. తక్కువ డిగ్రీలది వేయించండి, చల్లగా ఉంటుంది" అంటారు.

రెండు సలహాలూ వినడానికి సబబుగానే ఉన్నాయి. కాని వాటివల్ల నిజంగా ఇంజను చల్లబడుతుందా? దీనికి జవాబు చెప్పడానికి మీరు మెకానిక్ కానక్కర్లేదు. బడిలో ఉష్ణం గురించి చదువుకున్న పాఠాలు చాలు.

వేడి ఎక్కడికి పోతుంది?

కారు ఇంజనులో పెట్రోలు మండగా వచ్చే శక్తిలో సుమారు మూడో వంతు మాత్రమే చక్రాలను తిప్పే పనికి వస్తుంది. మరో మూడో వంతు పొగతోపాటు గొట్టంలోంచి బయటికి పోతుంది. మిగిలిన మూడో వంతు వేడి రూపంలో ఇంజను లోహానికి అంటుకుంటుంది. సిలిండరులో మంట ఒక్క క్షణంపాటు 2000 డిగ్రీల సెంటీగ్రేడు దాటుతుంది. పిస్టన్లు చేసే అల్యూమినియమో 660 డిగ్రీలకే కరిగిపోతుంది! కనుక ఆ వేడిని ఎప్పటికప్పుడు తీసివేయాలి.

ఈ పని నీరు చేస్తుంది. సిలిండర్ల చుట్టూ ఉన్న ఖాళీలలో నీరు తిరిగి, వేడిని గ్రహించి, కారు ముందు భాగంలో ఉండే రేడియేటరుకు చేరుతుంది. అక్కడ సన్నని గొట్టాలలోంచి పోతూ వేడిని గాలికి అప్పగించి, మళ్ళీ ఇంజనులోకి వస్తుంది. నీటిని పంపు తిప్పుతుంది. గాలిని ఫ్యాను లాగుతుంది.

మైనంతో చేసిన కాపలాదారు

ఇంజనుకూ రేడియేటరుకూ మధ్య దారిలో ఒక చిన్న తలుపు ఉంటుంది. అదే థర్మోస్టాట్. దానిని ఎవరూ చేత్తో తెరవరు, కరెంటుతో పని లేదు. దానంతట అదే తెరుచుకుంటుంది. ఎలా?

థర్మోస్టాట్‌లో ఒక చిన్న లోహపు గిన్నె ఉంటుంది. దాని నిండా ప్రత్యేకమైన మైనం ఉంటుంది. ఆ మైనం కరిగినప్పుడు దాని ఘనపరిమాణం పెరుగుతుంది. పెరిగిన మైనం ఒక సన్నని కడ్డీని నెడుతుంది. దానితో స్ప్రింగు అణగి తలుపు తెరుచుకుంటుంది. నీరు చల్లబడితే మైనం గడ్డకట్టి కుంచించుకుపోతుంది. స్ప్రింగు తలుపును మూసేస్తుంది. మైనంతో పనిచేసే ఈ పరికరాన్ని సెర్జియస్ వెర్నెట్ 1930లలో అమెరికాలో రూపొందించాడు. నేటికీ చాలా కార్లలో ఉన్నది దాదాపు ఇదే.

మైనం పాళ్ళు మార్చి, తలుపు ఎన్ని డిగ్రీల వద్ద తెరుచుకోవాలో నిర్ణయిస్తారు. 74, 82, 88 అంటూ థర్మోస్టాట్ మీద అంకె చెక్కి ఉంటుంది. అది తలుపు తెరుచుకోవడం మొదలయ్యే ఉష్ణోగ్రత. ఆ తరువాత మరో 10 నుంచి 15 డిగ్రీలు పెరిగేసరికి తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది.

ఇంజను చల్లగా ఉంటే నష్టమేమిటి?

"వేడి తీసివేయడమే కదా కావలసింది! ఆ దారికి తలుపెందుకు?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే.

ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు ఒక లీటరు నీరు ఏర్పడుతుందని మీకు తెలుసా? పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం వల్ల ఈ నీరు ఆవిరిగా పుడుతుంది. సిలిండరు గోడలు వేడిగా ఉంటే ఆ ఆవిరి పొగతోపాటు బయటికి పోతుంది. గోడలు చల్లగా ఉంటే, ఐసు వేసిన గ్లాసు మీద చెమ్మ పట్టినట్లు, గోడలమీద నీరు పడుతుంది. అందులో ఆమ్లాలు కరిగి లోహాన్ని తింటాయి. ఆ నీరు కిందికి జారి ఇంజను ఆయిలును పాడుచేస్తుంది. పైగా చల్లని ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాదు, ఆయిలు చిక్కగా ఉండి కదలికలకు అడ్డుపడుతుంది. ఫలితంగా పెట్రోలు ఎక్కువ ఖర్చవుతుంది, ఇంజను త్వరగా అరిగిపోతుంది.

అందుకే బండి కదిలిన కొత్తలో థర్మోస్టాట్ తలుపు మూసి ఉంచుతుంది. ఇంజను తగినంత వేడెక్కాకే రేడియేటరుకు దారి ఇస్తుంది.

కింది హద్దు ఒకరిది, పై హద్దు మరొకరిది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చెరువు తూమును తలుచుకోండి. తలుపు సగం తెరిచి ఉన్నప్పుడు ఎంత నీరు పోవాలో తలుపే నిర్ణయిస్తుంది. తలుపు పూర్తిగా ఎత్తేశాక? అప్పుడు నిర్ణయించేది కాలువ వెడల్పు. తలుపు ఎంత ముందుగా ఎత్తినా, ఎంత మంచి తలుపు పెట్టినా కాలువ పట్టినంత నీరే పోతుంది. థర్మోస్టాట్ ఆ తలుపు, రేడియేటరు ఆ కాలువ.

ఒక లెక్క వేసి చూద్దాం. రేడియేటరు వదిలే వేడి ముఖ్యంగా నీటికీ గాలికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రతల తేడా మీద ఆధారపడుతుంది. ఒక కారు ఘాట్ ఎక్కుతోంది. ఇంజను పుట్టించే వేడినంతా వదిలించుకోవాలంటే, తలుపు పూర్తిగా తెరిచి ఉన్నా, నీరు గాలికంటే 55 డిగ్రీలు వేడిగా ఉండాలి అనుకుందాం. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో ఉండే 45 డిగ్రీల ఎండ తీసుకోండి. 45కు 55 కలిపితే 100. అంటే నీరు 100 డిగ్రీలకు చేరి అక్కడ నిలుస్తుంది.

ఆ కారులో 74 డిగ్రీల థర్మోస్టాట్ ఉంటే ఏమవుతుంది? 100కు చేరేలోపలే అది పూర్తిగా తెరుచుకుని ఉంటుంది. 82 డిగ్రీలది ఉంటే? అదీ అప్పటికి పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. రెండు కార్లలోనూ నీరు 100 డిగ్రీలే! ఎక్కడ చల్లదనం కావాలో అక్కడ చల్లటి థర్మోస్టాట్ ఏమీ చేయలేకపోయింది. చూశారా! ఇంజను ఇంతకంటే చల్లబడకూడదు అనే కింది హద్దును థర్మోస్టాట్ పెడుతుంది. ఇంతకంటే వేడెక్కకూడదు అనే పై హద్దును కాపాడవలసింది రేడియేటరు, ఫ్యాను, పంపు.

మరో చిత్రం చూడండి. గాలి 45 డిగ్రీలున్నప్పుడు 75 డిగ్రీల నీటికి తేడా 30. 90 డిగ్రీల నీటికి తేడా 45. అంటే 90 డిగ్రీల నీరు ఒకటిన్నర రెట్లు ఎక్కువ వేడిని గాలికి వదులుతుంది. ఎండ దేశంలో రేడియేటరు బాగా పనిచేయాలంటే నీరు కొంత వేడిగానే ఉండాలన్నమాట.

మరి తయారీదారులు ఎందుకు ఇచ్చారు?

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. 1962లో బ్రిటన్‌లో విడుదలైన ఎంజీబీ కారు మరమ్మతు పుస్తకంలో మూడు థర్మోస్టాట్లు సూచించారు. మామూలుగా 82 డిగ్రీలది, చలి దేశాలకు 88 డిగ్రీలది, వేడి దేశాలకు 74 డిగ్రీలది. మన అంబాసడర్‌లో చాలాకాలం వాడిన 1489 ఘనపు సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను కూడా ఆ కుటుంబానిదే. ఉపయోగమే లేకపోతే 74 డిగ్రీలది ఎందుకు సూచించారు?

ఉపయోగం ఉంది, కాని చిన్నది. చదునైన రోడ్డు మీద తేలికగా పోయేటప్పుడు 74 డిగ్రీలది ఉన్న కారులో నీరు 75 దగ్గర, 82 డిగ్రీలది ఉన్న కారులో 83 దగ్గర ఉంటుంది అనుకుందాం. ఘాట్ మొదలయ్యేసరికి మొదటి కారుకు 8 డిగ్రీల వెసులుబాటు ఉంది. కారులో 7 లీటర్ల నీరుంటే, దానిని 8 డిగ్రీలు వేడెక్కించడానికి 7 × 8 × 4.2, అంటే సుమారు 235 కిలోజౌళ్ళు కావాలి. రేడియేటరు వదలలేక మిగిలిపోతున్న వేడి సెకనుకు 2 కిలోజౌళ్ళయితే, ఆ వెసులుబాటు రెండు నిమిషాలలో ఖర్చయిపోతుంది. ఇంజను లోహాన్ని కూడా కలుపుకుంటే మరికొంతసేపు. చిన్న ఎత్తు ఎక్కి దిగడానికి ఇది చాలు. అరగంట ఘాట్‌కు చాలదు.

పూర్తిగా పీకేస్తే?

ఇది ఇంకా చెడ్డ ఉపాయం. తేలికగా పోతున్న కారులో, తలుపే లేకపోతే, నీరు గాలికంటే 25 డిగ్రీలు మాత్రమే వేడిగా ఉంటుంది అనుకుందాం. శీతాకాలం తెల్లవారుజామున లంబసింగిలో గాలి 5 డిగ్రీలుంటే ఇంజనులో నీరు 30 డిగ్రీలే! ఆ ఇంజను పగలంతా తిరిగినా చలికి వణుకుతున్నట్లే.

ఎండలో అయినా లాభం ఉందా? కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తలుపుకు వెనుక రెండో మూత ఉంటుంది. రేడియేటరు దారి తెరుచుకోగానే అది అడ్డదారిని మూసేస్తుంది. థర్మోస్టాట్ తీసేస్తే ఆ అడ్డదారి తెరిచే ఉండిపోతుంది. కొంత నీరు రేడియేటరు మొహం చూడకుండానే తిరిగి ఇంజనులోకి వస్తుంది. అందుకే పీకేసిన తరువాత కొన్ని కార్లు ఇంకా ఎక్కువ వేడెక్కుతాయి. నీరు వేగంగా పోవడం వల్ల చల్లబడటం లేదని కొందరు చెప్పే కారణం సరికాదు. నీరు వేగంగా తిరిగితే వేడి ఎక్కువగానే పోతుంది. తప్పు వేగానిది కాదు, అడ్డదారిది.

"మా కారుకు తక్కువ డిగ్రీలది వేయించాక బాగయింది" అని ఎవరైనా అంటే వారు అబద్ధం చెప్పడం లేదు. పాత థర్మోస్టాట్ మూసుకుపోయి బిగుసుకుని ఉంటే ఇంజను తప్పకుండా వేడెక్కుతుంది. దాని స్థానంలో కొత్తది వేయగానే బాగవుతుంది. బాగుచేసింది తక్కువ డిగ్రీలు కాదు, కొత్త తలుపు!

నేటి కార్లలో ఇంజనును కంప్యూటరు నడిపిస్తుంది. నీరు అనుకున్నంత వేడెక్కకపోతే ఇంజను ఇంకా చల్లగా ఉందనుకుని అది పెట్రోలు ఎక్కువగా పంపవచ్చు, హెచ్చరిక దీపం వెలిగించవచ్చు. అందుచేత కంపెనీ సూచించిన అంకె ఉన్న థర్మోస్టాటే వాడాలి. పాత కార్ల పుస్తకంలో వేడి దేశాలకని వేరే అంకె ఉంటే అది వాడవచ్చు.

అసలు మందు ఏమిటి?

కారు మాటిమాటికీ వేడెక్కుతుంటే కాలువను చూడాలి. రేడియేటరు రేకుల మధ్య దుమ్ము, పురుగులు నిండాయా? బోరు నీళ్ళు పోయడం వల్ల గొట్టాల్లో సున్నపు పొర పేరుకుందా? ఫ్యాను తిరుగుతోందా? పంపు బెల్టు వదులయిందా? రేడియేటరు మూత గట్టిగా పడుతోందా?

మూతకు అంత ప్రాధాన్యం ఎందుకంటే, అది ప్రెషర్ కుక్కర్ మూత వంటిది. లోపల ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడికి రెండింతలయితే నీరు 100 దగ్గర కాక 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మన లెక్కలోని కారు 100 డిగ్రీల దగ్గర కూడా ఆవిరి కక్కకుండా ఘాట్ ఎక్కిందంటే దీనివల్లనే. వేడిగా ఉన్న రేడియేటరు మూతను ఎన్నడూ తీయకూడదన్నది కూడా ఇందుకే. మూత తీయగానే ఒత్తిడి పడిపోయి, లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై ముఖంమీదికి ఎగజిమ్ముతుంది. ఒళ్ళు తీవ్రంగా కాలుతుంది. ఇంజను ఆపి, పూర్తిగా చల్లారేదాకా ఆగాలి. ఆ మాట మీ ఇంట్లో కారు నడిపేవారికి తప్పక చెప్పండి.

మీరే చేసి చూడండి

1. పెద్దల సహాయంతో కొవ్వొత్తి ముక్కలను వేడినీటి గిన్నెలో పెట్టిన చిన్న డబ్బాలో కరిగించండి. కరిగిన మైనం డబ్బా అంచులకు సమంగా ఉన్నప్పుడు గుర్తు పెట్టుకోండి. చల్లారి గడ్డకట్టాక మధ్యలో గుంట పడుతుంది. కరిగినప్పుడు పెరిగినదంతా ఇప్పుడు తగ్గిందన్నమాట.

2. మెకానిక్‌ను అడిగి ఒక పాత థర్మోస్టాట్ తెచ్చుకోండి. దాన్ని దారంతో నీళ్ళ గిన్నెలో, అడుగుకు తగలకుండా వేలాడదీసి, పక్కన ప్రయోగశాల థర్మామీటరు ఉంచి, పెద్దల ఎదుట నీటిని మెల్లగా కాయండి. తలుపు కదలడం ఎన్ని డిగ్రీల దగ్గర మొదలైంది? దాని మీద చెక్కిన అంకెతో సరిపోయిందా?

చివరగా ఒక లెక్క. పైన చెప్పిన ఘాట్ కారునే 20 డిగ్రీల చలికాలపు ఉదయం నడిపారు. ఆ రోజు ఏ థర్మోస్టాట్ వేస్తే నీరు ఎన్ని డిగ్రీల దగ్గర నిలుస్తుంది? తలుపు ఏది, కాలువ ఏది అని గుర్తుంచుకుంటే జవాబు మీకే దొరుకుతుంది.