ఘంటసాల వేంకటేశ్వరరావుగారి గానవిద్య

మూలపేట పెండ్లిపందిళ్లలో ఘంటసాలవారి పాట వినని బాలుడుండడు. ఆ కంఠము దైవదత్తమని పెద్దలందురు. నిజమే, కాని ఆ విద్య ఎట్లబ్బెనో విద్యార్థు లెరుగవలెను.

వీరు 1922లో గుడివాడ ప్రాంతమందలి చౌటపల్లిలో జన్మించిరి. బాల్యమందే తండ్రి గతించెను. సంగీతము నేర్వగోరి మన విజయనగరమునకు వచ్చి, పట్రాయని సీతారామశాస్త్రిగారి నాశ్రయించిరి. గురువుగారు ఉచితముగా విద్య చెప్పిరి. అన్నమునకు మాత్రము దారి లేదు. అందుచే జోలె పట్టి మధూకరమెత్తిరి, అనగా ఇంటింట అన్నము యాచించిరి. మహారాజావారి సంగీత కళాశాలలో చదువు అట్లు సాగినది. మా పిల్లలలో పాతపుస్తకము అరువడుగుటకే సిగ్గుపడువారు గలరు!

1942 ఉద్యమమున చెరసాల కేగిరి. పిదప మదరాసు చేరి చలనచిత్రములలో పాడిరి; 1970లో పద్మశ్రీ పొందిరి.

నాటకములలో పద్యమునకు రాగాలాపన మిక్కుటమై మాట మరుగుపడుచుండెడిది. వీరు రాగమును కుదించి, ఒత్తులు సైతము తేటగా పలికిరి. చదువురాని వృద్ధురాలికిని అర్థము తెలియును. ప్రార్థనలో కీర్తనల కడపటి మాటలు మ్రింగు మా బాలురకు కావలసిన దిదియే.

వీరు 1974 ఫిబ్రవరి 11న మరణించిరి. వారి పద్యమొకటి తరగతిలో వినిపించి, విన్నది విన్నట్లు పిల్లలచే వ్రాయింపదలచితిమి.